సంతకానికి ముందు చదివి వినిపించండి: శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి నమస్కారాలతో రాసుకుంటున్న విన్నపం.

మోటారు వాహన ప్రమాదంలో మనిషి చనిపోయినా, తీవ్రంగా గాయపడినా, తప్పు ఎవరిదన్న ప్రశ్నతో పని లేకుండా పరిహారం ఇప్పించే, మోటారు వాహనాల చట్టంలోని కొత్త 164వ సెక్షను 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సంగతి తమకు తెలిసిందే. మరణానికి 5 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. దీనివల్ల మన జిల్లాలో ఎన్నో కుటుంబాలకు మేలు జరుగుతుందనడంలో నాకు సందేహం లేదు. అయితే ఆ సొమ్మును 149వ సెక్షనులో చెప్పిన పద్ధతిలో, అంటే ఇన్సూరెన్సు కంపెనీ ప్రతిపాదనకు సమ్మతించి, ఒప్పుకున్నవారికి మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్లో ఉన్న క్లెయిము పిటిషను అంతటితో చెల్లకుండా పోతుందని, అవతలివారి తప్పు రుజువు చేసి పూర్తి పరిహారం అడిగే 166వ సెక్షనుకు చేర్చిన మినహాయింపు నిబంధన చెబుతోంది. ఈ సంగతి సంతకం పెట్టేవారికి ముందుగా, తెలుగులో, వారికి అర్థమయ్యే మాటల్లో తెలియజెప్పే ఏర్పాటు ఒకటి జిల్లాలో ఉండాలని అడగడానికే ఈ లేఖ.

నేను శ్రీకాకుళం కోర్టులో ఒక న్యాయవాది దగ్గర గుమాస్తాను. ఎం.వి.ఓ.పి. (మోటారు ప్రమాద పరిహారం పిటిషను) కాగితాలు సర్దడం, స్టేషను నుంచి ఎఫ్‌ఐఆర్, పంచనామా నకళ్లు తెప్పించడం, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు కోసం తిరగడం నా రోజువారీ పని. 166వ సెక్షను కింద కేసులు నడిస్తే న్యాయవాదికి ఫీజు వస్తుంది, గుమాస్తా కూడూ అందులోనే ఉంది. కాబట్టి నేను రాసేదాంట్లో ఆ మేరకు కొంత తరుగు వేసుకుని చదివినా నాకు అభ్యంతరం లేదు. విచారణలో ఉన్న ఏ కేసు గురించీ ఇక్కడ ప్రస్తావించడం లేదని కూడా ముందే మనవి చేసుకుంటున్నాను.

తప్పుతో నిమిత్తం లేని పరిహారం మన చట్టానికి కొత్త కాదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలో 1982 అక్టోబరు 1 నుంచే 92-ఏ సెక్షను చేరింది. అప్పట్లో మరణానికి 15 వేలు, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు. 1988 చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చినప్పుడు అదే 140వ సెక్షనుగా వచ్చి 25 వేలు, 12 వేలు అయింది. 1994 సవరణతో 50 వేలు, 25 వేలకు పెరిగింది. మొత్తాలు చిన్నవే గాని, ఆ ఏర్పాటులో ఒక మంచి గుణం ఉండేది. ఆ డబ్బు ముందుగా చేతికొచ్చేది, పెద్ద క్లెయిము మాత్రం బతికే ఉండేది. తరవాత 166వ సెక్షను కింద తీర్పు వచ్చినప్పుడు ముందు తీసుకున్న 50 వేలు మినహాయించి మిగతాది ఇప్పించేవారు. దినకార్యాలకూ ఆసుపత్రి అప్పుకూ ఆ సొమ్ము సరిపోయినా సరిపోకపోయినా, తీసుకున్నందువల్ల ఎవరికీ నష్టం లేదు.

2019 సవరణ చట్టం 140 నుంచి 144 వరకు ఉన్న సెక్షన్లను, తప్పుతో నిమిత్తం లేకుండానే, ఆదాయ పరిమితితో నడిచే 163-ఏ సెక్షనును, దాని వెంట ఉన్న రెండో షెడ్యూలును తీసేసి వాటి స్థానంలో ఈ 164ను నిలబెట్టింది. మరణానికి ఇచ్చే మొత్తం 140వ సెక్షనుతో పోలిస్తే పది రెట్లు అయింది. శాశ్వత వైకల్యం ఉండాలన్న షరతు పోయి తీవ్ర గాయం చాలన్నారు. శిక్షాస్మృతి లెక్కలో ఎముక విరిగినా, కీలు తప్పినా, పన్ను ఊడినా అది తీవ్ర గాయమే. ఇవన్నీ మంచి మార్పులు. పాత రోజులు చూసిన ఊరి పెద్దలకు ఈ పెంపు సంగతి పేపర్లలో వచ్చినంత వరకు తెలుసు. తెలియనిదల్లా, పూర్వం మొదటి విడతగా వచ్చిన డబ్బు ఇప్పుడు ఆఖరి విడతగా వస్తోందన్న సంగతి. అది తెలియని పెద్దమనిషే బాధిత కుటుంబానికి సలహా చెబుతున్నాడు.

ఇందులో ఎంత తేడా ఉందో ఒక లెక్క వేసి చూపిస్తాను. 32 ఏళ్ల తాపీమేస్త్రి ఉన్నాడనుకుందాం. అతని సంపాదన నెలకు 12 వేలని ట్రిబ్యునల్ నమ్మింది. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. సైకిలు మీద పోతుండగా వెనక నుంచి కారు గుద్ది చనిపోయాడు. 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన ప్రకారం, సొంత రెక్కల మీద బతికే నలభై ఏళ్లలోపు మనిషి సంపాదనకు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలపాలి. 12 వేలు 16,800 అయింది. ఆధారపడినవారు నలుగురు కనుక అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 12,600 మిగిలింది. ఏడాదికి 1,51,200. ఏడాది సంపాదనను ఎన్నింతలు చేయాలో వయసును బట్టి చెప్పే అంకెను గుణకం అంటారు; 2009 నాటి సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పు 31 నుంచి 35 ఏళ్ల వయసుకు పెట్టిన గుణకం 16. హెచ్చవేస్తే 24,19,200 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలూ తల్లీ కోల్పోయిన తోడు కింద వచ్చేవి దీనికి అదనం. సంపాదనకు సాక్ష్యం బలంగా లేదని 9 వేలకే కుదించినా 18,14,400 వస్తుంది. ఆ కుటుంబం ముందు 5 లక్షల కాగితం పెట్టి సంతకం అడిగినప్పుడు, ఈ పెద్ద అంకె ఒకటి ఉందని కూడా వారికి చెప్పేవాళ్లు ఎవరు?

తప్పులో కొంత చనిపోయినవాడిదేనని తేలుతుందేమోనన్న భయంతో చాలామంది వెనకడుగు వేస్తారు. ఆ భయానికీ లెక్క ఉంది. సగం తప్పు మేస్త్రిదేనని ట్రిబ్యునల్ తేల్చిందనుకున్నా, పైన వేసిన 24 లక్షల్లో సగం, అంటే 12,09,600 రూపాయలు, కుటుంబానికి వస్తుంది. ఇది 5 లక్షలకు రెట్టింపు కన్నా ఎక్కువే. మోటారు సైకిలు నడిపిన కుర్రాడికి లైసెన్సు లేదు కనుక అసలు కేసే నిలవదని ఇంకొందరు బెదరగొడతారు. లైసెన్సు లేకపోవడం ఒక నేరం, దానికి జరిమానా వేరు. లైసెన్సు లేనంత మాత్రాన ప్రమాదంలో అతని నిర్లక్ష్యం ఉందనుకోకూడదని సుప్రీంకోర్టు 2008లోనే సుధీర్ కుమార్ రాణా కేసులో చెప్పింది. అయినా ఆసుపత్రి గేటు దగ్గర టీ తాగుతూ చెప్పే న్యాయశాస్త్రం ముందు సుప్రీంకోర్టు మాట తరచుగా ఓడిపోతూ ఉంటుంది.

గాయాల విషయంలో పరిస్థితి ఇంకా విచిత్రం. 164వ సెక్షను దృష్టిలో తీవ్ర గాయాలన్నీ ఒకటే. చిటికెనవేలి ఎముక విరిగినవారికీ, మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చినవారికీ అదే రెండున్నర లక్షలు. వేలు విరిగినవారికి అది నిండుగానే ఉండవచ్చు. కాలు పోయిన ఆటో డ్రైవరు సంగతి చూడండి. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, డాక్టరు వేసే వైకల్య శాతాన్ని అలాగే తీసుకోకుండా ఆ వైకల్యం ఆ మనిషి చేసే పనిని ఎంత దెబ్బతీసిందో చూడమంది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టేననీ, ఆఫీసు గుమాస్తాకు అలా కాకపోవచ్చనీ ఉదాహరణతో సహా వివరించింది. 38 ఏళ్ల ఆటో డ్రైవరుకు నెలకు 12 వేల సంపాదన పూర్తిగా పోయిందని తేలితే, 40 శాతం కలిపి, 15 గుణకంతో హెచ్చవేసి చూడండి: 30,24,000 రూపాయలు. గాయపడిన మనిషి బతికే ఉన్నాడు కనుక సొంత ఖర్చు తీసివేత కూడా ఉండదు. కృత్రిమ కాలు, మందులు, సాయానికి మనిషి, పడిన బాధ, ఇవి వేరే పద్దులు. ఆ మనిషి రెండున్నర లక్షలకు సంతకం చేశాడంటే, చికిత్స కోసం చేసిన అప్పు తీర్చి ఇంటికి ఎంత పట్టుకెళ్లాడో తమరు ఊహించగలరు.

ఇంతమాత్రం చేత 164వ సెక్షను వద్దని నేను అనడం లేదు. దాని అవసరం మన జిల్లావాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. ఇచ్ఛాపురం దగ్గర మొదలై పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, ఎచ్చెర్ల, రణస్థలం మీదుగా పైడిభీమవరం దాకా 16వ నంబరు జాతీయ రహదారి ఊళ్లను ఒరుసుకుంటూ పోతుంది. పొలం ఒక పక్క, ఇల్లు ఇంకో పక్క. రోడ్డు దాటడానికి మనుషులు డివైడరు సందుల్లోంచే దూరతారు, రాత్రిపూట లైట్లు వేయకుండా ఆపిన లారీని వెనక నుంచి గుద్దే మోటారు సైకిళ్లూ తక్కువ కాదు. అలాంటి కేసుల్లో ఎఫ్‌ఐఆర్ చనిపోయినవాడి మీదే పడుతుంది, లారీ డ్రైవరు తప్పుకు సాక్షి ఉండడు, 166వ సెక్షను కింద పోతే సున్నా కూడా రావచ్చు. అవతలి బండి యజమాని నుంచి, అతని ఇన్సూరెన్సు కంపెనీ నుంచి, తప్పు రుజువు చేయనక్కర్లేకుండా 5 లక్షలు రావడం ఆ ఇంటికి చెప్పలేనంత ఆసరా. 163-ఏ సెక్షను ఉన్న రోజుల్లో కూడా చనిపోయినవాడిదే తప్పని కంపెనీ వాదించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. 164వ సెక్షను మాటలూ అదే దారిలో ఉన్నాయి. కేసు ఏళ్ల తరబడి నడుస్తుందన్నదీ అబద్ధం కాదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు గుమ్మంలో కూర్చున్నప్పుడు, ఎప్పుడో వచ్చే 20 లక్షల కన్నా ఈ నెల వచ్చే 5 లక్షలే మేలని ఒక తల్లి అనుకుంటే దాన్ని తెలివితక్కువతనం అనే హక్కు నాకు లేదు. ఆ నిర్ణయం ఆమెదే. లెక్క తెలిసి చేయాలన్నదే నా మనవి.

మన ఇళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు కాబట్టి అక్కడి 'నో ఫాల్ట్' ఇన్సూరెన్సు గురించి వాట్సాప్‌లో రకరకాలుగా వింటూ ఉంటాం. అక్కడి కొన్ని రాష్ట్రాల్లో ప్రమాదం జరిగితే తప్పు ఎవరిదైనా ఎవరి సొంత కంపెనీ వారికి వైద్య ఖర్చు, పోయిన జీతం ఒక పరిమితి దాకా చెల్లిస్తుంది. మసాచుసెట్స్‌లో ఇది 1971లో, మిషిగన్‌లో 1973లో వచ్చింది. న్యూయార్కులో ప్రాథమిక పరిమితి 50 వేల డాలర్లు. దానికి బదులుగా బాధ, వేదన కింద అవతలి డ్రైవరు మీద దావా వేసే హక్కును తగ్గించారు. అయితే ఎక్కడ తగ్గించారో గమనించాలి. చిన్న గాయాలకు దావా లేదన్నారు. మిషిగన్‌లో మరణం సంభవించినా, శరీరంలో ముఖ్యమైన అవయవం పని తీవ్రంగా దెబ్బతిన్నా, శాశ్వతంగా రూపం చెడినా కోర్టు తలుపు తెరిచే ఉంటుంది. చిన్నవాటిని త్వరగా తేల్చి పెద్దవాటికి కోర్టు సమయం మిగల్చడం అక్కడి ఆలోచన. మనం చేసింది దీనికి తలకిందులు. చిన్న గాయాలు 164 పరిధిలోకే రావు, వాటికి 166వ సెక్షను కింద తప్పు రుజువు చేసుకోవాలి. మరణానికీ తీవ్ర గాయానికీ మాత్రం ఒక స్థిరమైన మొత్తం ఇచ్చి, ఒప్పుకుంటే తలుపు మూసేస్తాం. చట్టం మార్చడం పార్లమెంటు పని, అది తమ చేతిలో లేదు. ఉన్న చట్టాన్ని బాధితుడికి వినిపించడం మాత్రం తమ సంస్థ చేతిలో ఉంది.

ఆ మధ్య మా ఆఫీసుకు ఒకామె వచ్చింది. ప్లాస్టిక్ కవరులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, భర్త పోస్టుమార్టం రిపోర్టు, బ్యాంకు పాసు పుస్తకం, వాటి అడుగున ఒక రాజీపత్రం నకలు. ఏ ట్రిబ్యునలో, ఏ కంపెనీయో ఇక్కడ అనవసరం. పత్రం మొత్తం ఇంగ్లీషులో ఉంది. మూడో పేజీలో, మిగతా వాక్యాల మధ్య కలిసిపోయి, ఇకపై ఈ ప్రమాదానికి సంబంధించి ఎలాంటి క్లెయిమూ ఉండదన్న వాక్యం ఉంది. చివర, ఈ పత్రంలోని విషయాలు నాకు నా భాషలో చదివి వినిపించగా విని అర్థం చేసుకున్నాను అని, అదీ ఇంగ్లీషులోనే, అచ్చు వేసి ఉంది. దాని కింద ఆమె ఏడో తరగతి నాటి గుండ్రటి అక్షరాలతో తెలుగులో సంతకం పెట్టింది. డబ్బు ఖాతాలో పడింది, ఆమెను ఎవరూ మోసం చేశారని కాగితాన్ని బట్టి అనడానికి లేదు. "మిగతా డబ్బులు ఎప్పుడిస్తారు బాబూ" అని అడగడానికి ఆమె మా దగ్గరకు వచ్చింది.

నిజానికి ఇలా జరగకుండా ఉండడానికి కావలసిన నిబంధనలు ఇప్పటికే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 1 నుంచే అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 150-ఏ ప్రకారం, ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కూ ఇన్సూరెన్సు కంపెనీకీ పంపాలి. బాధితుల హక్కులు చెప్పే రెండో నంబరు ఫారాన్ని 10 రోజుల్లో కుటుంబానికి ఇవ్వాలి. 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలి. ఆ నివేదికనే పరిహారం దరఖాస్తుగా ట్రిబ్యునల్ స్వీకరించాలని 166వ సెక్షను చెబుతోంది. అంటే న్యాయవాదిని పెట్టుకోని కుటుంబం పేరు మీద కూడా, వారికి తెలియకుండానే ఒక క్లెయిము ట్రిబ్యునల్లో ఉండే అవకాశం ఉంది. కంపెనీ నియమించిన అధికారి 30 రోజుల్లో తన ప్రతిపాదన చెప్పాలి. కుటుంబం ఒప్పుకుంటే ట్రిబ్యునల్ దాన్ని సమ్మతితో పరిష్కారమైనట్టు నమోదు చేస్తుంది, ఆ తరవాత 30 రోజుల్లో కంపెనీ డబ్బు కట్టాలి. ఒప్పుకోకపోతే విచారణకు తేదీ వేయాలి. ప్రతిపాదన 5 లక్షలకే ఉండాలనీ లేదు, కంపెనీ అంతకన్నా ఎక్కువ చెప్పవచ్చు. 2022 డిసెంబరు 15న గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధనలన్నీ అమలు చేయాలని ఆదేశిస్తూ, న్యాయమైన, సమంజసమైన పరిహారం అందాలన్న ఉద్దేశంతో కంపెనీ ప్రతిపాదనను పరిశీలించి, తాను తృప్తి పడిన తరవాతే ట్రిబ్యునల్ ఆ రాజీని నమోదు చేయాలని చెప్పింది. ట్రిబ్యునల్ ఆ తృప్తి ఎలా పడాలన్నది న్యాయమూర్తుల పరిధి. అందులో గుమాస్తా చెప్పగలిగింది ఏమీ లేదు. కానీ ట్రిబ్యునల్ గది బయట, బెంచీ మీద కూర్చున్న కుటుంబానికి ఆ పది నిమిషాల్లో ఎవరు ఏం చెబుతున్నారన్నది తమ సంస్థ పట్టించుకోదగ్గ విషయం.

అందుకని నేను కోరేది ఇది. 149వ సెక్షను కింద ప్రతిపాదన వచ్చిన ప్రతి కేసులో, రాజీ నమోదు కావడానికి ముందు, తమ ప్యానెల్ న్యాయవాది (తమ జాబితాలోని న్యాయ సహాయ వకీలు) ఒకరు లేదా శిక్షణ పొందిన పారాలీగల్ వాలంటీరు (న్యాయ సహాయ కార్యకర్త) ఆ కుటుంబంతో విడిగా కూర్చోవాలి. కంపెనీ మనిషి గాని, ఆ కుటుంబం తరఫు న్యాయవాది గాని, మా వంటి గుమాస్తాలు గాని ఆ సమయంలో అక్కడ ఉండకూడదు. చనిపోయిన మనిషి వయసు, సంపాదన, ఆధారపడినవారి సంఖ్య తీసుకుని పైన నేను వేసినట్టు ఒక లెక్క వేసి, ఆ అంకెను కంపెనీ అంకె పక్కన తెలుగులో రాసి చేతికివ్వాలి. ఇది అరగంట పని. లెక్క కేవలం అంచనాయేననీ, విచారణలో తగ్గవచ్చనీ కూడా చెప్పాలి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టంలోని 12వ సెక్షను ఇస్తోంది కనుక, ప్రమాదంలో భర్త పోయిన ఏ భార్యకైనా ఈ సాయం అందించడానికి కొత్త ఉత్తర్వు అక్కర్లేదనుకుంటాను.

చదివి వినిపించాల్సిన మాటల ముసాయిదా కూడా నాకు తోచినంతలో రాశాను. "ఈ డబ్బు తీసుకుంటే ఈ ప్రమాదం మీద మీ కేసు ఇక్కడితో అయిపోతుంది, మళ్లీ అడగడానికి ఉండదు. వద్దంటే మీ హక్కు పోదు, జడ్జి గారు విచారించి ఎంత ఇవ్వాలో చెబుతారు. అప్పుడు ఇంతకన్నా ఎక్కువ రావచ్చు, తక్కువ రావచ్చు, అసలు రాకపోవచ్చు, ఎంత కాలం పడుతుందో చెప్పలేం. ఆలోచించుకోవడానికి గడువు కావాలంటే అడగండి." భాష ఇంకా బాగు చేయగలవారు తమ సంస్థలో ఉన్నారు. ఒడియా మాట్లాడే సరిహద్దు మండలాల వారికీ, సవర గూడేల వారికీ వారి భాషలోనే చెప్పించాలి.

పోలీసు స్టేషన్లలో ఇచ్చే రెండో నంబరు ఫారం తెలుగులో అచ్చయి ఉండేలా, అందులో ఈ సంగతి పెద్ద అక్షరాల్లో కనిపించేలా జిల్లా ఎస్పీ గారితోనూ, కలెక్టరు గారి అధ్యక్షతన ఉన్న రోడ్డు భద్రతా కమిటీతోనూ తమరు మాట్లాడితే సగం పని అయిపోయినట్టే. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ, టెక్కలి ఆసుపత్రిలోనూ ఎముకల వార్డు బయట ఒక బోర్డు, దాని మీద ఉచిత న్యాయ సహాయానికి ఫోను చేసే 15100 నంబరు ఉంటే ఇంకా మంచిది. దళారీల విజిటింగ్ కార్డులు అక్కడికి ఎప్పుడో చేరాయి.

గడువు గురించి కూడా ఆ బోర్డు మీద ఒక మాట ఉండాలి. 2019 సవరణ తరవాత ప్రమాదం జరిగిన 6 నెలల్లో క్లెయిము వేయాలన్న నియమం మళ్లీ వచ్చింది. దానిపై సవాలు సుప్రీంకోర్టులో నడుస్తోంది. అది తేలేవరకు కేవలం ఆ గడువు కారణంగా పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. మధ్యంతర ఉత్తర్వును నమ్ముకుని కూర్చోవడం మంచిది కాదు. మన ఊళ్లలో గడువు మింగేసేది ఎక్కువగా పెద్దమనుషుల తగవే. కారు యజమాని చావు ఖర్చులకు కొంత ఇస్తానంటాడు, కేసు వద్దనుకుంటారు, ఎఫ్‌ఐఆర్ ఉండదు, ఒప్పుకున్న డబ్బులో సగం చేతికొచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. ఎఫ్‌ఐఆర్ లేకుండా ఏ ఇన్సూరెన్సు సొమ్మూ తేలిగ్గా రాదని ఆ పెద్దమనుషులకే ముందు చెప్పాలి.

గుద్దిన బండి ఏదో తెలియనప్పుడు 164 పనికిరాదు. దానికి 161వ సెక్షను కింద వేరే పథకం ఉంది: మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. రెవెన్యూ అధికారుల ద్వారా దరఖాస్తు పెట్టుకుంటే కలెక్టరు మంజూరు చేస్తారు. బండి ఆచూకీ నెలలోగా దొరక్కపోతే ఈ పథకం సంగతి పోలీసులే బాధితులకు చెప్పాలని సుప్రీంకోర్టు 2024 జనవరిలో ఆదేశించింది. సొంత బండి మీద తానే జారిపడి చనిపోయిన యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుందన్న సంగతి, పాలసీ కాగితం బీరువాలోనే ఉన్నా, చాలా ఇళ్లకు తెలియదు. చికిత్సకు మొదటి 7 రోజుల్లో లక్షన్నర దాకా నగదు కట్టనక్కర్లేని పథకం కూడా 2025 మే నుంచి ఉంది. ఒక్కో గాయానికి ఒక్కో తలుపు. ఏ తలుపు తట్టాలో చెప్పే మనిషి వార్డులోనే ఉంటే, ఆసుపత్రి గేటు దగ్గరి న్యాయశాస్త్రానికి గిరాకీ తగ్గుతుంది.

ఇంకొక్క మాట లోక్ అదాలత్ గురించి. జాతీయ లోక్ అదాలత్ రోజున మోటారు ప్రమాద కేసులు పెద్ద సంఖ్యలో రాజీ అవుతాయి, వాటిలో చాలావరకు మంచి రాజీలే. మా ఆఫీసు నుంచి వెళ్లిన కేసుల్లోనూ 166వ సెక్షను లెక్కకు దరిదాపుల్లో తేలినవి ఉన్నాయి, కుటుంబాలు సంతోషంగానే ఇంటికి వెళ్లాయి. అయితే ఆ రోజు హడావుడిలో 149వ సెక్షను ప్రతిపాదనలను కూడా అదే బల్ల మీద, అదే వేగంతో తేల్చేయకుండా, వాటిని విడిగా ఒక రోజు తీసుకోవాలని ప్రార్థిస్తున్నాను. మైనరు పిల్లల వాటాను బ్యాంకులో డిపాజిట్టు చేయించే పద్ధతి ట్రిబ్యునల్ తీర్పుల్లో ఎప్పటినుంచో ఉంది. ఈ రాజీల్లోనూ అది తప్పకుండా పాటించేలా చూడాలి. 5 లక్షల్లో పిల్లల వాటా కూడా అప్పులవాళ్లకే పోయిన ఇళ్లు నేను చూశాను.

పైన చెప్పిన లెక్కకు సంబంధించిన వయసు-గుణకం పట్టికనూ, సొంత ఖర్చు తీసివేత వివరాలనూ తెలుగులో ఒక పేజీకి సరిపోయేలా రాసి ఉంచాను. తమ సంస్థకు ఉపయోగపడుతుందనుకుంటే కార్యాలయానికి వచ్చి అందజేస్తాను. అందులో తప్పులుంటే ప్యానెల్ న్యాయవాదులు దిద్ది వాడుకోవచ్చు. నా పేరు వేయనక్కర్లేదు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక న్యాయవాది గుమాస్తా,
శ్రీకాకుళం